"తర్వాత ఏం చదవాలె, టీచర్?" అన్న ప్రశ్నకు తెలుగులో జవాబు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో కొత్త పుస్తకాల పరిచయాలు వచ్చే పుటను నేను చాలా ఏళ్లుగా విడవకుండా చదువుతున్నాను. కవిత్వం, కథ, నవల, విమర్శ, యాత్రాకథనం, అనువాదం, అన్నిటికీ అక్కడ చోటు ఉంది. కామిక్స్‌కు మాత్రం లేదు. కామిక్స్ ప్రస్తావన మీ పత్రికలో సినిమా పుటలో కనిపిస్తుంది, అదీ ఆ కథతో తీసిన చిత్రం విడుదలయ్యే వారంలోనే. అప్పుడైనా నటుల పేర్లు, దర్శకుడి పేరు, వసూళ్ల లెక్కలు వస్తాయి గాని ఆ కథను మొదట రాసినవారెవరో, ఆ బొమ్మలను గీసిన చెయ్యి ఎవరిదో ఒక్క వాక్యంలో కూడా ఉండదు. కొత్తగా వచ్చిన కామిక్స్‌లో ఏవి చదవదగినవి, ఏది ఎక్కడ మొదలుపెట్టాలి, ఒకటి పూర్తయ్యాక మరేది అందుకోవాలి అని తెలుగులో చెప్పే ఒక శీర్షికను మీ పుటలో ప్రారంభించవలసిందిగా కోరడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తున్నాను. కామిక్స్ చదవడం నాకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు, వయసు పెరిగినా పోలేదు. ఆదివారం ఉదయం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉండగా వాటి ముందు పేవ్‌మెంట్ల మీద పరిచే పాత పుస్తకాల వరసల్లో నాలాంటి వాళ్లు మరికొందరు తారసపడతారు. ఒకాయన బ్యాంకులో ఉద్యోగ విరమణ చేసినవారు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఒక అమ్మాయి వైద్య విద్యార్థిని, మరొకరు కోఠిలో మందుల దుకాణం నడుపుతున్నారు. దొరికినవి సంచుల్లో వేసుకుని దగ్గరలోని ఇరానీ హోటల్లో కూర్చుంటే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. ఆ రెండు గంటల్లో మేము మాట్లాడుకునేది ఒక్కటే: కొత్తగా ఏం వచ్చింది, ఇక ఏం చదవాలి.

ఆ మాటలు ఎంత లోతుగా సాగుతాయో మీ పాఠకులకు తెలియడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 2024 అక్టోబరులో అమెరికాలో 'అబ్సల్యూట్ బ్యాట్‌మన్' అనే కొత్త వరస మొదలైంది. రచన స్కాట్ స్నైడర్‌ది, బొమ్మలు నిక్ డ్రాగోటావి. 1939 నుంచి మనకు తెలిసిన బ్యాట్‌మన్ కోటీశ్వరుడు. అతని రహస్య స్థావరం, వాహనం, ఆయుధాలు, అన్నీ ఆ డబ్బు నుంచి వచ్చినవే. ఈ కొత్త కథలో ఆ డబ్బును రచయిత పూర్తిగా తీసివేశారు. ఇందులోని బ్రూస్ వేన్ (బ్యాట్‌మన్ అసలు పేరు) ఒక ఇంజినీరు, తండ్రి బడిపంతులు. బడిపిల్లలతో జంతుప్రదర్శనశాలకు వెళ్లిన రోజున ఆ తండ్రి కాల్పుల్లో చనిపోతాడు, తల్లి మాత్రం బతికే ఉంటుంది. డబ్బు లేని బ్యాట్‌మన్ అసలు బ్యాట్‌మనేనా అని బ్యాంకు ఉద్యోగం చేసిన పెద్దాయన గట్టిగా వాదించారు. ధనం తీసివేసినా నిలబడేదే అసలు పాత్ర అని వైద్య విద్యార్థిని అంతే గట్టిగా బదులిచ్చింది. నేను ఆ అమ్మాయి పక్షం వహించాను. తండ్రి ఉపాధ్యాయుడు కావడం, పిల్లల సమక్షంలోనే ఆయన ప్రాణం పోవడం ఆ కథకు ఇచ్చిన బరువు ముందరి కథల్లో నాకు కనిపించలేదు.

అదే ఏడాది జనవరిలో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్-మ్యాన్'ను మా బృందంలో నలభై దాటిన వాళ్లమంతా ఇష్టపడ్డాం. జోనాథన్ హిక్‌మన్ రాయగా మార్కో కెక్కెట్టో బొమ్మలు గీసిన ఈ వరసలో స్పైడర్-మ్యాన్ అయ్యే పీటర్ పార్కర్ కుర్రవాడు కాదు. పెళ్లయి, ఇద్దరు పిల్లల తండ్రి అయ్యాక అతనికి ఆ శక్తులు వస్తాయి. ఇంటి బాధ్యత ఒకవైపు, ఊరి బాధ్యత ఒకవైపు లాగుతుంటే ఆ మనిషి పడే అవస్థ గృహస్థులకు విడమరచి చెప్పనక్కరలేదు. ఈ రెండు వరసలనూ నేను కొత్త పాఠకులకు ధైర్యంగా సూచిస్తాను. స్పైడర్-మ్యాన్ 1962 నుంచి నడుస్తున్న పాత్ర. ఆ అరవై ఏళ్ల సంచికల్లో ఎక్కడ అడుగుపెట్టాలో తెలియక వెనుదిరిగిన వాళ్లను నేను ఎందరినో చూశాను. ఇవి రెండూ మొదటి సంచికతో కొత్తగా మొదలైన కథలు కనుక ముందరిది ఏదీ చదివి ఉండనక్కరలేదు. ఇటువంటి చిన్న మాట చెప్పేవారు లేకనే చాలామంది కామిక్స్‌కు దూరమవుతున్నారని నా నమ్మకం.

ఇంతవరకూ నేను చెప్పినవన్నీ ఆంగ్లంలో వచ్చినవి. నా అసలు బాధ ఇక్కడే ఉంది.

మా పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి 'డెమన్ స్లేయర్' అనే మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథల వరసను, మొదటి నుంచి చివరి దాకా చదివింది. మొత్తం 23 సంపుటాలు. కొన్ని పిన్ని కొడుకు దగ్గర, కొన్ని స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకుందట. కొత్తవి కొనాలంటే ఒక్కొక్కటి 400 రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది, అంటే వరస పూర్తయ్యేసరికి 9,000 దాటుతుంది. వాళ్ల ఇంట్లో అది ఊహకు అందే మాట కాదు. చివరి సంపుటం ముగించిన మర్నాడు ఆమె నా దగ్గరకు వచ్చి, "టీచర్, అయిపోయింది. తర్వాత ఏం చదవాలె? తెలుగుల ఏమన్న ఉన్నదా?" అని అడిగింది. పాఠ్యపుస్తకంలో రెండు పుటలు చదవమంటే తల వంచుకునే పిల్ల ఆమె. అటువంటి పిల్ల తనంతట తానుగా చదువు గురించి వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. తెలుగు బోధించే నేను తెలుగులో ఒక్క కొత్త పుస్తకం పేరు చెప్పలేక నిలబడిపోయాను.

మనకు గతం లేక కాదు. 1947 జూలైలో మొదలైన 'చందమామ' బొమ్మలతో కథ చెప్పే విద్యను దక్షిణాదికే నేర్పింది. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలనూ, చిత్రా, శంకర్ గార్ల బొమ్మలనూ చూస్తూ పెరిగిన తరాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి. బుజ్జాయి గారి బొమ్మల కథ 'డుంబు' ఉండేది. అనంత్ పాయ్ గారు 1967లో ప్రారంభించిన 'అమర్ చిత్ర కథ' పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. కాని ఆ పిల్ల అడిగింది పాతవాటి గురించి కాదు. ఇవాళ, ఆమె వయసువారి కోసం, ఆమె చదివి వచ్చిన కథ స్థాయిలో, ఆమె భాషలో ఏముంది అని అడిగింది. ఆ ప్రశ్నకు పాత వైభవాన్ని జవాబుగా ఇవ్వడం నాకు న్యాయంగా తోచలేదు.

పక్క భాషల వారు ఏం చేస్తున్నారో చూస్తే మనసు మరింత కలుక్కుమంటుంది. మనం టపాకాయల కోసం, క్యాలెండర్ల కోసం తలుచుకునే శివకాశిలో 1972లో 'ముత్తు కామిక్స్', 1984లో 'లయన్ కామిక్స్' పుట్టాయి. ఇటలీ వారి టెక్స్ విల్లర్, ఫ్రెంచి, బెల్జియన్ కథానాయకులు అక్కడ తమిళం మాట్లాడుతున్నారు. బెల్జియం కామిక్స్ కథానాయకుడు టిన్‌టిన్ కుక్కపిల్ల పేరు బెంగాలీ పిల్లలకు 'కుట్టుస్'. హిందీలో ఆ కుక్క 'నట్‌ఖట్', తడబడే జంట డిటెక్టివులు 'సంతు-బంతు', మతిమరుపు శాస్త్రవేత్త 'ప్రొఫెసర్ ఆర్యభట్'. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో ఆరేళ్ల బాలుడిగా ఉండి అణుబాంబు దాడి నుంచి ప్రాణాలతో బయటపడిన కెయిజీ నకజావా తన అనుభవాన్ని బొమ్మల కథగా మలిచిన పుస్తకం హిందీలో 'నంగే పైర్ గెన్'గా వచ్చింది. దానిని అనువదించినవారు తొమోకో కికుచి అనే జపాన్ మహిళ. జపాన్ నుంచి వచ్చిన ఒక వ్యక్తి హిందీ నేర్చుకుని ఆ పని చేయగలిగినప్పుడు, ఇంతమంది అనువాదకులున్న తెలుగులో మనం చేతులు కట్టుకుని కూర్చోవడానికి కారణం నాకు కనిపించదు.

తెలుగు కామిక్స్‌కు ఒదగదని కొందరు అంటారు. ఒక ప్రచురణకర్త నాతోనే ఆ మాట అన్నారు. నేను దానితో ఏకీభవించను. జపాన్ చిత్రకారులు చాలా గడుల్లో ధ్వనిపదాలను బొమ్మలో భాగంగా గీస్తారు. మెరుపుకు 'కిరకిర' అంటారు, గుండె కొట్టుకుంటే 'దొకిదొకి' అంటారు, నిశ్శబ్దానికి సైతం 'షీన్' అని ఒక పదం రాస్తారు. ఆంగ్ల అనువాదకులకు ఇవి పెద్ద చిక్కు, ఎందుకంటే కంటికి కనబడే మెరుపును చెవికి వినబడే పదంతో చెప్పే అలవాటు ఆ భాషలో తక్కువ. మనకు 'తళతళ' ఉంది, 'మిలమిల' ఉంది, 'దడదడ' ఉంది. నీళ్లు సలసల కాగుతాయి, గజ్జెలు ఘల్లుమంటాయి, పాము బుస్సుమంటుంది, ఆకులు గలగలలాడతాయి. వ్యాకరణ పాఠంలో ధ్వన్యనుకరణ పదాలని మేము పిల్లల చేత వల్లె వేయించే ఈ సంపద అంతా కామిక్స్ పుట కోసమే పుట్టినట్టు ఉంటుంది.

నిజమైన ఇబ్బంది మరొకచోట ఉంది, దానిని నాకు చూపించింది ఆ అమ్మాయే. ఆమె అడిగిన వారం ఆదివారం మా బృందం ముందు ఆ ప్రశ్న పెట్టాను. జపాన్ చిత్రకారుడు ఒసాము తెజుకా 1972 నుంచి 1983 వరకు గీసిన 'బుద్ధ' ఇవ్వమని ఒకరు సూచించారు. ఆంగ్లంలో అది 8 సంపుటాలుగా దొరుకుతుంది. అమరావతి, నాగార్జునకొండ ఉన్న నేల మీద పుట్టిన ప్రతి తెలుగు పాఠకుడూ చదవవలసిన కథ అది. అయితే అందులోని హింస, నగ్నత్వం పెద్దల చదువుకు తగినవి కనుక పద్నాలుగేళ్ల పిల్ల చేతికి నేనివ్వలేకపోయాను. బధిర బాలికను తోటి విద్యార్థులు వేధించడం గురించి 7 సంపుటాలుగా వచ్చిన 'ఎ సైలెంట్ వాయిస్' మరొకరి సూచన. అది గొప్ప కథే గాని, ఆత్మహత్య ప్రస్తావన ఉన్నందున ముందు ఆమె తల్లితో మాట్లాడాకే ఇవ్వాలని అనుకున్నాను. చివరికి కియోహికో అజుమా 2003 నుంచి గీస్తున్న 'యోత్సుబా' మొదటి సంపుటం ఇచ్చాను. ఐదేళ్ల పిల్ల కొత్త ఇంట్లో దిగి లోకాన్ని చూసి ఆశ్చర్యపోవడమే అందులో కథ. ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగుకు జపాన్‌లో ఒక చెల్లెలు ఉంటే ఇలాగే ఉంటుంది.

పది రోజుల తర్వాత ఆ పుస్తకం తిరిగి తెచ్చినప్పుడు పుటల నిండా చిన్న చిన్న అంటించే కాగితాలు ఉన్నాయి. తమ్ముడికి చదివి వినిపించడం కోసం ఒక్కొక్క మాటల బుడగ మీద తెలుగు మాటలను పెన్సిల్‌తో రాసి అంటించింది. "టీచర్, ఒత్తులు పడతలేవు" అని ఫిర్యాదు చేసింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. జపనీయులు పైనుంచి కిందికి రాస్తారు కనుక వారి బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. ఆంగ్ల కామిక్స్‌లో సాధారణంగా పెద్ద అక్షరాలనే వాడతారు, వాటి ఎత్తు సమానం కనుక వరసలు దగ్గరగా పేర్చవచ్చు. తెలుగులో 'రాష్ట్రం' అని రాయాలంటే అక్షరం కింద రెండు ఒత్తులకు చోటు కావాలి, 'కి' అని రాయాలంటే గుడికి పైన చోటు కావాలి. 'వెళ్లిపోవాలనుకుంటున్నాను' అన్న ఒక్క క్రియాపదం సన్నని బుడగలో ఏ వరసలోనూ పట్టదు. ఆ పిల్ల ఆ బుడగలో 'పోత' అని రాసింది. పట్టింది, అర్థమూ చెడలేదు, ఐదేళ్ల పిల్ల నోట అదే సహజంగా ఉంది. గ్రాంథికపు ఛాయలున్న సంభాషణలతో కామిక్స్ తెలుగులో రాణించవనీ, తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పలుకుబళ్లలోని పొట్టి మాటలతో చక్కగా రాణిస్తాయనీ ఆ కాగితపు ముక్కలు చూశాక నాకు స్పష్టమైంది. అక్షరాల రూపానికి కూడా మనకు దారి ఉంది. బాపు గారి చేతిరాత ఆధారంగా తయారైన అక్షరాలు కంప్యూటర్లలోకి ఎప్పుడో వచ్చాయి. బుడగలో నిండుగా, చేత్తో రాసినట్టు కనబడే తెలుగు ఎలా ఉండాలో అవి చూపిస్తాయి.

ఇన్ని వనరులు ఉండి కూడా పని జరగకపోవడానికి పాఠకులు ఉన్నారన్న సంగతి ప్రచురణకర్తలకు తెలియకపోవడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఆ సంగతి తెలియజేయగలిగింది పత్రికలే. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన జరిగినప్పుడూ, నగరంలో కామిక్స్ అభిమానుల ఉత్సవం కామిక్ కాన్ జరిగినప్పుడూ మీ పత్రిక వార్త ఇస్తుంది. రెండోదాని వార్తలో వేషాలు వేసుకుని వచ్చిన యువతీయువకుల ఛాయాచిత్రాలే ఎక్కువగా ఉంటాయి. వారు ముచ్చటగానే ఉంటారు, కాదనను. కాని ఆ వేషం వేసుకున్న అబ్బాయి ఏ కథ చదివి ఆ పాత్రను అంతగా ప్రేమించాడో విలేకరి అడిగి రాస్తే, ఆ ఒక్క వాక్యం మరో పదిమందిని ఆ పుస్తకం దగ్గరకు తీసుకుపోతుంది.

నేను కోరుతున్న శీర్షిక పెద్దది కానక్కరలేదు. వారానికి మూడు వందల మాటలు చాలు. ఒక కొత్త పుస్తకాన్ని తీసుకుని, రాసినవారి పేరుతో పాటు గీసినవారి పేరు కూడా చెప్పాలి. చిత్రకారుడి పేరు లేని కామిక్స్ పరిచయం గాయకుడి పేరు చెప్పని పాట పరిచయం వంటిది. ఏ వయసు వారికి తగినదో దాపరికం లేకుండా రాయాలి, ఎందుకంటే బొమ్మలున్నాయి కనుక పిల్లల పుస్తకమే అనుకుని 'బుద్ధ' వంటివి కొనిచ్చే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో, అది నచ్చితే తర్వాత ఏది చదవవచ్చో చెప్పాలి. ఉదాహరణకు 2025 అక్టోబరు 23న ఫ్రెంచి బొమ్మల కథల వరస ఆస్టెరిక్స్‌లో 41వ పుస్తకం 'ఆస్టెరిక్స్ ఇన్ లూసిటానియా' విడుదలైంది. రచన ఫాబ్‌కారో, బొమ్మలు డిడియే కాన్రాడ్. నేటి పోర్చుగల్ ఉన్న నేల మీద ఆ కథ నడుస్తుంది. ఆస్టెరిక్స్ ఏ పుస్తకానికి ఆ పుస్తకం విడి కథ కనుక నేరుగా అదే చదివినా ఇబ్బంది లేదు, అయితే 1977లో కన్నుమూసిన రచయిత గొస్సినీ, బొమ్మలు గీసిన ఉదెర్జో కలిసి చేసిన తొలి పుస్తకాల్లో ఒకటి ముందు చదివితే రుచి తెలుస్తుంది. ఇంత మాత్రం సమాచారం తెలుగులో ఎక్కడా దొరకక, మా ఆదివారపు బల్ల దగ్గర నోటి మాటగా మిగిలిపోతోంది.

గ్రంథాలయాల గురించి ఒక మాట. మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్‌లోని నగర కేంద్ర గ్రంథాలయం పోటీ పరీక్షలకు చదువుకునే వారికి ఎంత ఆసరాగా ఉన్నాయో నగరవాసులందరికీ తెలుసు. అదే ఆసరా 9,000 రూపాయల వరస కొనలేని పిల్లలకు కూడా అందాలి. పుస్తకాల ఎంపిక చేసేవారికి ఏది కొనాలో తెలియడానికి మీ శీర్షిక అక్కరకు వస్తుంది. 1901లో మొదలై, సుల్తాన్‌బజార్‌లో తెలుగుకు నీడనిస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వంటి చోట నెలకొకసారి కామిక్స్ పాఠకులు కలుసుకునే వీలు కలిగితే, ఇరానీ హోటల్లో ఐదారుగురికి పరిమితమైన మా మాటలు ఇంకొందరు పిల్లల చెవిన పడతాయి.

మీరు అంగీకరిస్తే మొదటి నాలుగు వారాలకు పరిచయాలు రాసి పంపడానికి మా బృందం సిద్ధంగా ఉంది. పారితోషికం అక్కరలేదు. మొదటిది 'యోత్సుబా' గురించి. ఆ అమ్మాయి అనుమతి ఇచ్చింది కనుక, ఆమె అంటించిన తెలుగు కాగితాలతో ఉన్న రెండు పుటల నకలు ఈ ఉత్తరానికి జతపరుస్తున్నాను. రెండో సంపుటం ఆమె చేతిలో ఉంది, మూడోది ఇంకా దొరకలేదు, వచ్చే ఆదివారం ఆబిడ్స్‌లో వెతుకుతాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని,
హైదరాబాద్.